కమ్మింగ్‌కి ఒక పొదెస్తా

అనీష్ ఫోన్ కిణుక్కుమన్నప్పుడు రష్మి పెనం మీది పెసరట్టును చిరగకుండా తిరగేసింది. పెళ్ళయిన మూడు నెలల్లో చిరగని పెసరట్టు అదే మొదటిది. ఆ ఘనకార్యం మొగుడికి చూపిద్దామని వెనక్కి తిరిగేసరికి అతను వంటింటి గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. ఫోన్‌ని రెండు చేతులతో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు.

"వచ్చేసింది రష్మీ! ఐ-వన్‌ఫార్టీ అప్రూవ్ అయింది!"

"నా పెసరట్టు కూడా!" అంది రష్మి.

ఇద్దరూ అట్లకాడతో సహా వంటింట్లో గిరగిరా తిరిగారు. గ్రీన్ కార్డు కోసం కంపెనీ అనీష్ తరఫున వేసిన పిటిషన్‌ను సర్కారు ఒప్పుకుందన్నమాట. కార్డు చేతికొచ్చేసరికి తల నెరిసిపోవచ్చు గానీ, అప్పటిదాకా వీసా పొడిగించుకుంటూ అమెరికాలో ఉండొచ్చు. లేకపోతే అనీష్‌కి ఇచ్చిన ఆరేళ్ళ గడువు వచ్చే వేసవితో సరి.

"ఇక సోఫా కొనేద్దాం!" అన్నాడు అనీష్. ఉంటామో పోతామో తెలియక ఆ ఇంట్లో ఇంతవరకూ ఏమీ కొనలేదు. అట్టపెట్టె మీద కప్పులు పెట్టుకుని నేలమీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. రష్మికి అదే స్వర్గంలా ఉంది, అది వేరే సంగతి.

పెసరట్టు చల్లారకముందే మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి భీమశంకరం. అనీష్ పనిచేసే కన్సల్టింగ్ కంపెనీ ఆయనదే. అట్లాంటా పక్కన వాళ్ళుంటున్న ఊరు, కమ్మింగ్, అక్కడి తెలుగు సమితికి అధ్యక్షుడూ ఆయనే. కంపెనీని పొట్ట కోసం, సమితిని ప్రాణం కోసం నడుపుతున్నాడని జనం చెప్పుకుంటారు.

"కంగ్రాట్స్ బాబూ! లాయర్ ఇప్పుడే మెయిల్ కొట్టాడు. అమ్మాయి పక్కనే ఉందా? స్పీకర్‌లో పెట్టు. ఆ, రష్మమ్మా, నీతో చిన్న పని పడింది. ఆదివారం మన సమితి ఎలక్షన్. ఎలక్షన్ ఆఫీసర్‌గా నువ్వుండాలి. నాకు పోటీగా నిలబడ్డ శశికాంత్ వాళ్ళు కూడా ఓకే అన్నారు."

"నేనా అంకుల్? నేనీ ఊరొచ్చి మూడు నెలలే కదా."

"అందుకేగా! పైగా నీది ఖరగ్‌పూర్. ఆంధ్రా కాదు, తెలంగాణా కాదు. మీ ఇంటిపేరు పట్టుకుని ఇటు మేమూ అటు వాళ్ళూ ఎంత లాగినా ఒక్క చుట్టరికం తేల్లేదు తల్లీ. నీలాంటిది ఇంకోటి దొరకదు."

ఏమీ కాకపోవడం ఇంత పెద్ద అర్హత అవుతుందని రష్మి అనుకోలేదు. సరేనంది. ఫోన్ పెట్టేశాక ఎగిరి గంతేసింది.

"అనీష్! నేను పొదెస్తానయ్యాను!"

"అది తినేదా?"

రష్మి అట్లాంటాలో పీహెచ్‌డీ చేస్తోంది. మధ్యయుగపు ఇటలీ నగరాల్లో ముఠా తగాదాలు ఆమె పరిశోధన. ఆ నగరాల్లో పెద్ద కుటుంబాలు ఒకరినొకరు నరుక్కుంటూ, ఒకరి మీద ఒకరు రాళ్ళు వెయ్యడానికి ఆకాశమంత బురుజులు కట్టుకుంటూ బతికాయి. ఊళ్ళో పుట్టిన ఏ మనిషి తీర్పు చెప్పినా రెండోవాళ్ళు ఒప్పుకునేవారు కాదు. అందుకని ఎక్కడో పరాయి ఊరి నుంచి జీతానికి ఒక న్యాయాధికారిని తెచ్చుకునేవారు. అతనే పొదెస్తా. కొద్ది నెలలే కొలువు. ఊళ్ళో ఎవరితోనూ చుట్టరికం ఉండకూడదు. ఎవరింట్లోనూ భోంచెయ్యకూడదు.

"బిర్యానీ కూడానా?" అన్నాడు అనీష్ జాలిగా.

"బిర్యానీ ముఖ్యంగా."

ఫ్లారెన్సు రెండుగా ఎందుకు చీలిందంటే పాత చరిత్రకారులు ఒక కథ చెబుతారు. ఒక పడుచువాడు ఒక ఇంటి పిల్లను చేసుకుంటానని మాటిచ్చి, ఇంకో ఇంటి పిల్లను చేసుకోబోయాడట. వంతెన దగ్గర అతన్ని చంపారు. ఆ నెత్తురు తరాల తరబడి ఆరలేదు. సరే, అక్కడ కనీసం ఒక పెళ్ళి చెడింది. కమ్మింగ్‌లో చెడింది ఒక శాలువా. మూడేళ్ళ క్రితం ఉగాది సభలో, మాజీ అధ్యక్షుడు శశికాంత్‌కి శాలువా కప్పే వేళకి ఫోటోగ్రాఫర్ భోజనానికి వెళ్ళిపోయాడు. ఫోటో లేదు. ఫోటో లేని శాలువా ఒంటిమీద ఉన్నా లేనట్టే. భీమశంకరం కావాలనే చేశాడన్నారు వీళ్ళు. ఆకలేస్తే వెళ్ళాడన్నారు వాళ్ళు. ఆ వారం తిరక్కుండానే వాట్సాప్‌లో భీమశంకరం వాళ్ళ మూల సమితి ఒకటి, శశికాంత్ వాళ్ళ అసలు సమితి ఒకటి పుట్టాయి.

కులం కోసమో జిల్లా కోసమో కొట్టుకుంటే అదొక రోగం, దానికో పేరుంది. వీళ్ళకి ఆ మాత్రం సాకు కూడా లేదు. అన్ని కులాలవాళ్ళూ అన్ని జిల్లాలవాళ్ళూ రెండువైపులా ఉన్నారు. తోడల్లుళ్ళు చీలారు. ఒకే కార్లో ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు చీలి, రెండు కార్లలో వెళ్ళి ఒకే చోట పార్క్ చేసుకుంటున్నారు. పిక్నిక్ ఒకే రోజు, ఒకే పార్కులో రెండు జరుగుతాయి, మధ్యలో వాలీబాల్ నెట్ సరిహద్దు. ఇటలీలో ఒక ఊరివాళ్ళు వెల్లుల్లిపాయను అడ్డంగా తరిగేవాడు ఏ పక్షమో, నిలువుగా తరిగేవాడు ఏ పక్షమో చెప్పేసేవారట. రష్మి చదువుతూ చదువుతూ అది అతిశయోక్తి అని మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకుంది. కమ్మింగ్‌కి కాపురానికొచ్చాక ఆ రాత చెరిపేసింది.

ఎన్నికయ్యేదాకా ఎవరింట్లోనూ భోంచెయ్యనని ఆమె రెండు గ్రూపుల్లోనూ మెసేజ్ పెట్టింది. దాని అర్థం ఒక్కరికీ తలకెక్కలేదు. భీమశంకరం భార్య జ్ఞానప్రసూన వెంటనే ఫోన్ చేసింది.

"ఉపవాసమా అమ్మా? కొత్తగా పెళ్ళైనదానివి, ఏం నోము పట్టావు?"

"నోము కాదు ఆంటీ, రూల్."

"ఏ దేవుడికైనా రూల్సుంటాయిలే."

మర్నాడు గుమ్మం ముందు సగ్గుబియ్యం కిచిడీ, అరటిపళ్ళు, కొబ్బరుండలు పెట్టి ఉన్నాయి. మూల సమితి పళ్ళు పంపిందని తెలిసి అసలు సమితి ఆ సాయంత్రమే ఖర్జూరాలు, జీడిపప్పు పంపింది. రష్మి అన్నీ కార్లో వేసుకుని ఎవరివి వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చింది. కొబ్బరుండలు తిరిగిచ్చేటప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది.

గురువారం శశికాంత్ స్వయంగా వచ్చాడు. ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంట్ అతను. నవ్వు ముందు వస్తుంది, మనిషి తరవాత వస్తాడు. చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్. మూత సందుల్లోంచి గోంగూర మటన్ వాసన ఇల్లంతా పరుచుకుంది.

"మా ఇంట్ల తినొద్దన్నవ్ గదా చెల్లె. మా ఇంటికి రమ్మంటలేను. మీ ఇంటికే తెచ్చిన. రూల్ ఏడ తప్పింది?"

"వద్దండీ. పని చెప్పండి."

"భీమశంకరం నామినేషన్ కొట్టెయ్యాలె. రెండుసార్లు ప్రెసిడెంట్ అయిండు. మూడోసారి నిలబడొద్దని రూలుండె."

"ఉండేది. మీరు ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు మీరే తీసేశారటగా, మూడోసారి నిలబడాలని?"

"అప్పుడు అవసరముండె, తీసిన. ఇప్పుడు అవసరమున్నది, పెట్టు." అతని ముఖంలో సిగ్గనేది చూచాయగా కూడా లేదు. లేస్తూ లేస్తూ అనీష్ భుజం తట్టాడు. "తమ్మీ, మా దోస్తు కంపెనీల నీకు మంచి జాగున్నది. మీ ఆవిడ ఆదివారం మంచిగ ఆలోచిస్తే, సోమవారం ఆఫర్ లెటర్."

క్యారియర్‌తో సహా అతన్ని సాగనంపాక అనీష్ గాలి పీల్చి, "వాసన కూడా తిరిగివ్వాలా?" అని అడిగాడు. రష్మి పకపకా నవ్వి, పెరుగన్నం కలిపి పెట్టింది. ఆ పెరుగన్నంలో నంజుకోవడానికి ఆవకాయ ముక్క ఒక్కటే మిగిలితే దాన్ని చెరి సగం చేసుకున్నారు. శశికాంత్ మీద ఆమెకు కోపం రాలేదు. కోపం రావడానికి ఎదుటివాడికి కొంచెమైనా ఎత్తుండాలి.

శనివారం మధ్యాహ్నం భీమశంకరం, జ్ఞానప్రసూన వచ్చారు. నేలమీద కూర్చోవడం అలవాటు లేక ఆయన గోడకి ఆనుకుని ఆపసోపాలు పడ్డాడు.

"అమ్మాయ్, శశికాంత్ నామినేషన్ చెల్లదు. జనరల్ బాడీ మీటింగ్‌కి రానివాడు పోటీ చెయ్యకూడదు. బైలాస్‌లో ఉంది."

"ఆ మీటింగ్ లైబ్రరీలో అని చెప్పి, మీ బేస్‌మెంట్‌కి మార్చారు కదా అంకుల్. వాళ్ళకెలా తెలుస్తుంది?"

"సమితి పాత గ్రూపులో పెట్టాం."

"ముందురోజే వాళ్ళని ఆ గ్రూపులోంచి తీసేశారు."

"తీసేశాకే పెట్టాం. పెట్టడమైతే పెట్టాంగా!"

రష్మికి నవ్వాగలేదు. భీమశంకరం కూడా నవ్వాడు. నవ్వుతూనే అనీష్ వైపు తిరిగాడు.

"అప్రూవల్ వచ్చింది, సంతోషం బాబూ. కాకపోతే ఆరు నెలల్లోపు కంపెనీ దాన్ని విత్‌డ్రా చేసుకోవచ్చు, తెలుసుగా? నేను చేస్తానని కాదు. మార్కెట్ డల్‌గా ఉంది. ఎవర్ని ఉంచాలో ఎవర్ని పంపాలో నాకే తెలీడం లేదు."

"మా అనీష్ మాకు కొడుకులాంటివాడు" అంది జ్ఞానప్రసూన, రష్మి చెయ్యి నిమురుతూ. "కొడుక్కి అన్యాయం జరిగే పని కోడలు చేస్తుందా?"

వాళ్ళు వెళ్ళిపోయాక రష్మి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది. పిటిషన్ వెనక్కి తీసుకుంటే అనీష్ వేసవికల్లా దేశం విడిచి వెళ్ళాలి. ఆమె చదువింకా రెండేళ్ళుంది. ఆమె ఇక్కడ, అతనక్కడ. పెసరట్టు తిరగేసి ఎవరికి చూపించాలి?

"కొట్టేస్తే పోలా అనీష్?" అంది చివరికి. "శశికాంత్ ఏమన్నా మహాత్ముడా? అవకాశమొస్తే వాడూ బేస్‌మెంట్లోనే మీటింగ్ పెడతాడు. ఎవడు గెలిచినా ఆర్నెల్లు తిరక్కుండా వాడి పక్షం మళ్ళీ రెండవుతుంది. ఫ్లారెన్సులో గెలిచినవాళ్ళూ అంతే, నల్లవాళ్ళు తెల్లవాళ్ళు అని చీలి మళ్ళీ కొట్టుకు చచ్చారు. ఒక శాలువా కోసం ఏడ్చే ఈ గుంపు కోసం మనం విడిపోవాలా? వీళ్ళకి అంత విలువుందా?"

అనీష్ లేచి, గోడమీద భీమశంకరం తల ఆనిన చోట అంటిన నూనె మరకను తడిగుడ్డతో తుడిచాడు. మరక పోలేదు, ఇంకొంచెం పరుచుకుంది.

"విలువ లేదు. అదే నా బాధ" అన్నాడు. "పెద్ద రాక్షసుడికి భయపడితే అర్థముంది. ఫోటో రాలేదని మూడేళ్ళు అలిగేవాడికీ, బేస్‌మెంట్లో దాక్కుని మీటింగ్ పెట్టేవాడికీ భయపడితే మనమేమవుతాం? రోజూ పొద్దున లేచి నీ మొహం ఎలా చూడను?"

"పంపించేస్తే?"

"పంపించనీ. ఇంకో కంపెనీ వెతుక్కుంటా. దొరక్కపోతే వెళ్తా. నువ్వు చదువు పూర్తిచేసుకుని వస్తావు. ఏడుస్తాం, కానీ చస్తామా?" ఆమె పక్కనే కూలబడ్డాడు. "అసలు ఆయనలా అనడానికి మనింటికెందుకొచ్చాడు? ఫోన్లో అనొచ్చుగా? మెయిల్ కొట్టొచ్చుగా? నాలుగు గోడల మధ్య అయితేనే ఆ మాటకి బలం. మా కంపెనీలో నలభైమందిమి ఉన్నాం, అందరి పేపర్లూ ఆయన చేతిలోనే. రేపు వాళ్ళంతా హాల్లో ఉంటారు. ఈ మాట వాళ్ళ ముందు బయటపడ్డాక నన్ను తీసేస్తే, ఎందుకు తీశాడో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. అయినా తీసేస్తాడేమో. తీసేసుకోనీ."

రష్మి అతని వైపు తిరిగింది. మూడు నెలల్లో ఈ మనిషి గురించి ఆమెకు తెలిసినవి చాలా ఉన్నాయి. సాక్సు ఎప్పుడూ జతకలవనివి వేసుకుంటాడనీ, తుమ్ము వస్తే వరసగా ఐదారు వస్తాయనీ, కాఫీలో చక్కెర వెయ్యడం మర్చిపోయినా బాగుందనే అంటాడనీ. ఇది మాత్రం తెలియదు. ఆమెకి మళ్ళీ గంతెయ్యాలనిపించింది.

"పొదెస్తా తీర్పులు గదిలో చెప్పేవాడు కాదు" అంది. "నలుగురూ తిరిగే చౌకులో బూర ఊదించి చాటించేవాడు."

"అయితే ఊదించు."

ఆమె ఫోన్ తీసింది. ఇద్దరూ తలలు ఆనించుకుని, ఒక్కో మాటా కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టారు. మూల సమితికీ అసలు సమితికీ ఒకటే మెసేజ్: "ఇద్దరి నామినేషన్లూ చెల్లుతాయి. రేపు పది గంటలకు హాల్లో ఓటింగ్. దానికి ముందు, ఈ వారం అభ్యర్థులిద్దరూ ఎన్నికల అధికారిని ఏమడిగారో, ఏమిస్తామన్నారో, ఏం చేస్తామని భయపెట్టారో అందరూ వినేలా చెప్పబడుతుంది."

పంపగానే రెండు గ్రూపుల్లోనూ నీలం టిక్కులు వరసగా పడ్డాయి. భీమశంకరం టైప్ చేస్తున్నట్టు కనిపించింది, ఆగిపోయింది. శశికాంత్ టైప్ చేస్తున్నట్టు కనిపించింది, ఆగిపోయింది. మూడేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒకే పని చేశారు.

"రేపు హాల్లో నేను చెప్పనా?" అంది రష్మి.

"కాదు, బెదిరింపు నాకొచ్చింది, నేనే చెప్తా. తొమ్మిదింటికల్లా బయల్దేరదాం. సౌండ్ సిస్టమ్ భీమశంకరం మనుషులదే, మధ్యలో తప్పకుండా ఆపుతారు. రేపు నేను మైక్ పట్టుకుంటా, నువ్వు ప్లగ్ దగ్గర నిలబడు."