జిడ్డు చేతి పరీక్ష

మెకానిక్ జేబులోంచి నూనె గుడ్డ తీయగానే పనిముట్ల దుకాణందారు నెత్తి కొట్టుకున్నాడు. ఈ భాగోతం అతనికి కొత్త కాదు. ఏ స్పానర్ కొన్నా ఈ మహానుభావుడు ముందు అరచేతికి జిడ్డు పూసుకుని, పిడి పట్టి, మెలితిప్పి చూస్తాడు. జారిందా, అది ఎంత మెరుస్తున్నా పక్కన పెట్టేస్తాడు. ఈరోజు మాత్రం ఆ గుడ్డతో, వెంట వచ్చిన భార్య అరచేతికి జిడ్డు రాశాడు.

"నాకెందుకండీ ఈ జిడ్డు?"

"పట్టుకు చూడు."

"పనిచేసేది మీరు, అందించేదాన్ని నేను. నా చేతికి జారితే ఏం, జారకపోతే ఏం?"

ఆయన ఓ పొట్టి స్పానర్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. జుట్టు నెరిసేదాకా ఒకరి గ్యారేజీలో పనిచేశాడు. ఆమధ్య గుండె మొరాయిస్తే, ఇక బరువు పనులు వద్దన్నాడు డాక్టరు. బుద్ధిగా తలూపి, గ్యారేజీ మానేసి, ఇంటి పక్క రేకుల షెడ్డు ఖాళీ చేశాడు. అందులో పనిచేయబోయేది ఎవరో మనసులో ఎప్పుడో తేల్చుకున్నాడు. తను పోయాక ఆవిడ ఎవరి ముందూ చెయ్యి చాచకూడదు. ఆ మాట పైకి అనడానికే నోరు రావడం లేదు.

సెలవురోజుల్లో ఇరుగుపొరుగు కార్లు బాగుచేస్తుంటే పనిముట్లు అందించింది ఆవిడే. పెళ్లయిన కొత్తలో ఓసారి స్పానర్ తిరగేసి ఇస్తే, "కారు కింద ఉన్నవాడు చూసి పట్టుకోలేడు. పిడి వాడి వైపు ఉండాలి!" అని కసిరాడు. ఆ పూటంతా మూతి ముడుచుకుంది గానీ మళ్లీ పొరపాటు చేయలేదు. పోనుపోను ఇంజను చప్పుడు వినగానే దాని రోగం చెప్పేసేది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. ఒక్కసారి మెచ్చుకుంటే ఏం పోయేదో!

"జాకీ చూపించనా అన్నా?" అన్నాడు దుకాణందారు.

"ముందు స్టాండ్లు చూపించు. ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి దూరితే ప్రాణానికే ముప్పు. పొడుగు స్పానర్లు తీసెయ్. పొట్టివి ఇవ్వు."

"నీ చేతిలో ఇవి బొమ్మల్లా ఉంటాయే!"

ఆవిడ తన చేతిలో ఉన్నదాన్ని చూసుకుంది. పిడి పిడికిట్లో కుదురుగా ఇమిడింది.

"ఇవన్నీ నాకా?"

"మరి నాకా? డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావుగా."

"నావల్ల కాదండీ."

"నీవల్ల కాకపోతే ఈ ఊళ్లో ఎవరివల్లా కాదు."

అంత పొగడ్త ఆవిడ జన్మలో వినలేదు. దుకాణందారు అటు తిరిగి, సర్ది ఉన్న పెట్టెలనే మళ్లీ సర్దాడు. ఆవిడ జిడ్డు చేత్తో పిడి మెలితిప్పి చూసింది.

"ఇది జారుతోంది అన్నయ్యగారూ. ఇంకోటి చూపించండి."

ఆ మధ్యాహ్నమే షెడ్డులో వాళ్ల పాత కారు స్టాండ్ల మీదికి ఎక్కింది. ఆవిడ చాప పరుచుకుని కిందికి దూరింది. ఆయన గోడకు చేరగిలి, ముక్కాలి పీట మీద కూర్చున్నాడు.

"ఆయిల్ నట్టు ఎటు తిప్పాలో తెలుసా?"

"మీరు నోరు మూసుకుని పెద్దది ఇవ్వండి."

ఆయన పకపకా నవ్వి ఇచ్చాడు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పాత ఆయిలు పళ్లెంలోకి దిగిపోయాక ఆవిడ నట్టు మళ్లీ ఎక్కించింది.

"ఇంకొంచెం బిగించు. చాలు, చాలు."

"తెలుసులెండి. ఇప్పుడు చిన్నది ఇవ్వండి."

కారు కిందినుంచి చెయ్యి చాపింది. చేతిలోకి ఏమీ రాలేదు.

"అప్పుడే కునుకా? ఇన్నేళ్లలో నేనొక్కసారైనా కునుకు తీశానా?"

ఇంకాసేపు చెయ్యి అలాగే ఉంచింది. తర్వాత గొణుక్కుంటూ బయటికి పాకింది. ఆయన తల గోడకు ఆని ఉంది. పెదాల మీది నవ్వు ఇంకా పోలేదు. పిలిచింది, భుజం కుదిపింది, ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. ఊపిరి లేదు. జిడ్డు చేతులతోనే ఆయన మోకాళ్లు పట్టుకుని భోరుమంది.

ఆయన ఒళ్లో వాలిన చేతిలో చిన్న స్పానర్ ఉంది, పిడి ఆవిడ వైపు తిరిగి.