సొరచేప పండ్లు

వీరభద్రం సారుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. హన్మకొండ కాలేజీలో జువాలజీ చెబుతాడు. సముద్రం ఆయనకు ఎంత దూరమో, ఓపిక కూడా అంతే దూరం.

1979 సీతాఫలాల కాలంలో, ఓడ మీద పరిశోధన చేసే స్నేహితుడొకడు జాడీలో ఒక చిన్న సొరచేపను పంపాడు. లోతు నీళ్లలో బతికే రకం, మూరెడు కూడా లేదు. దానికి పైన సూదుల్లాంటి సన్నని పళ్లు, కింద ఒకదానికొకటి అతుక్కున్న పెద్ద పళ్ల వరస ఉంటాయట. పెద్ద చేపను పెదవులతో పీల్చి పట్టి, గిర్రున తిరిగి, గారె అంత కండ గుండ్రంగా తవ్వుకుని పోతుందట. ఆ కింది పళ్ల మీద వ్యాసం రాయాలని సారు ఆశ.

ల్యాబు అల్మారాలో దాచిన జాడీ తెరిస్తే కింది దవడ బోసిగా ఉంది.

అల్మారా తాళంచెవి అటెండర్ మొగిలయ్య దగ్గర ఉంటుంది. ఉద్యోగం ఆ నెలలోనే పర్మనెంట్ అవుతుందని అతను ఎదురుచూస్తున్నాడు. సారు అతన్ని క్లాసు మొత్తం ముందే నిలబెట్టి అడిగాడు.

"అల్మారాల పండ్లు ఎవరు తీసిన్రు?"

మొగిలయ్య మొహం మాడిపోయింది. "నేనే సార్. మా పోరికి పానం మంచిగ లేకుంటే..."

"చాలు! నోర్ముయ్!"

జబ్బు చేసిన పిల్లల మెడలో పులిగోరు కట్టడం సారు ఎరగనిది కాదు. ఈ పళ్లూ అలాగే పోయాయని తేల్చేశాడు. సాయంత్రానికల్లా ప్రిన్సిపాల్ మొగిలయ్యను పనిలోంచి తీసేశాడు.

రెండు మూడు రోజులకు కోపం చల్లారాక, కనీసం ఏం తిన్నదో చూద్దామని సారు చేప పొట్ట కోశాడు. లోపల స్క్విడ్ అనే సముద్రజీవి ముక్కు, దాని పక్కన ఒక్కటీ విడిపోకుండా కింది పళ్ల వరస. పాతవి ఊడితే ఈ చేప తనే మింగేస్తుంది. దవడ లోపలివైపు తడిమితే కొత్త వరస పడుకునే ఉంది. ముందే తడమాల్సింది.

మరి మొగిలయ్య ఒప్పుకున్నది ఏమిటి?

అప్పుడు అల్మారా కింది అర నుంచి వాసన తగిలింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి తెచ్చి, మాగడానికి గడ్డిలో పెట్టి, తనే మరిచిపోయిన సీతాఫలాలు. ఇక్కడ నోట్లోవీ పండ్లే, చెట్టువీ పండ్లే. సారు స్టూలు మీద కూలబడ్డాడు. ఎంత పాపం చేశానని ఏడుపొచ్చింది.

ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తాడు. ఆ పనిలో అప్పటికే వేరే మనిషి చేరాడు.

సైకిలెక్కి హసన్‌పర్తిలో మొగిలయ్య ఇంటికి పోయాడు. ఆయన్ను చూడగానే మొగిలయ్య లోపలికెళ్లి గంప తెచ్చాడు.

"నేనే వద్దామనుకున్న సార్. మా చెల్కల సీతాపండ్లు, ఇయ్యాల్నే మాగినయ్. మీయి తీసినందుకు..."

"నేనడిగింది చేప పండ్లు, మొగిలయ్యా! అవి దాని కడుపులనే దొరికినయ్. తప్పు నాది. నువ్వు దొంగవు గాదు."

మొగిలయ్య తల వంచుకునే ఉన్నాడు.

"ఎట్ల గాదు సార్? అడగకుంట తీసిన గద."

గంప సారు చేతుల్లో పెట్టాడు.