మెలి నిలవని చెయ్యి

మా అన్న ఓబులేష్ వైమానిక దళంలో ఎయిర్ కమోడోర్. ఒక స్థావరం మొత్తం ఆయన మాట మీదే నడుస్తుంది. అంతటి మనిషి కబురైనా పెట్టకుండా కడప నుంచి ఆటోలో మా ఊరు మాధవరం వచ్చి, నా మగ్గం పక్కన చతికిలబడ్డాడు.

"దొరగారికి ఇల్లు గుర్తుండాదా?" అన్నాను. అన్న నవ్వలేదు.

నేను మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, అతుకుతున్నాను. వేళ్లకు బూడిద అద్దుకుని, మగ్గం అచ్చు పళ్లలో మిగిలిన పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి మెలిపెట్టాలి. మా నేతగాళ్ల ఇళ్లలో చేతికి పరీక్ష ఇదే. మెలి నిలవకపోతే ఆ మనిషి మగ్గం దిగాల్సిందే. మా నాయన చేతివణుకు మొదట ఇక్కడే బయటపడింది.

"జరుగు, నేను అతుకుతా" అన్నాడు.

చిన్నప్పుడు నాకంటే వేగంగా అతికేవాడు. బూడిద అద్దుకుని ఒక పోగు మెలిపెట్టి లాగాడు. ఊడిపోయింది. ఇంకొకటి పట్టాడు, అదీ ఊడింది. నాయన చేతిలోని వణుకే ఇది.

"ఎప్పట్నుంచి అన్నా?"

"వానాకాలం కాడ్నుంచి. ఎవురికీ చెప్పలే. సోమవారం ఒక కొత్త పైలెట్‌ను ఎక్కించుకుని విమానం నడపల్ల. డాక్టర్లకు చెబితే ఆ పొద్దుతోనే నా పని అయిపోతాది."

"చెప్పకపోతే? ఆ పిల్లోనికి తల్లి లేదా?" అని అరిచాను.

"చెయ్యి బాగుండాదని ఒక్క మాట అను హేమా. ఎళ్లిపోతా."

వేలమందికి ఆర్డర్లు వేసే మనిషి నన్ను బతిమాలుతున్నాడు. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు.

"అనను. ఫోన్ తియ్యి. నా ముందరే చెప్పు."

అన్న ఫోన్ తీసి డాక్టరుకు చెయ్యి సంగతి ఇంగ్లీషులో చెప్పాడు. ఫోన్ పక్కన పెట్టి గోడకు ఆనుకున్నాడు.

ఆ ముఖం చూడలేకపోయాను. మా ఇళ్లలో చదువు తప్పినా, ఉద్యోగం ఊడినా అందరం అనే మాటే అలవాటుగా నా నోట్లోంచి వచ్చేసింది.

"పోతే పోనీలే అన్నా. మనకు మగ్గం ఉండాది కదా."

అన్న బూడిద అంటిన చేతిని నా ముందుకు చాపాడు.

"దానికీ ఈ చెయ్యే కదమ్మా కావల్ల."