సారు నోటి దూది

కొత్తకోటలో హైవే పక్కనున్న ఆ ప్రైవేటు దవాఖానలో పొద్దుటి పని కృష్ణకాంత్ సారు రౌండ్లతో మొదలయ్యేది. దవాఖాన ఆయనదే. మంచం మంచం దగ్గరా ఆగి, "నీకేం ఫికర్ లేదు పెద్దమ్మా, రేపే ఇంటికి పంపిస్త" అనేవాడు. అది అబద్ధమైతే ఆయన నోట్లోంచి దూది రాలేది. చిన్న అబద్ధానికి చిటికెడు, పెద్దదానికి పిడికెడు. వెనకాలే వచ్చే ఆయా బిక్షమ్మ దాన్ని ఊడ్చి బుట్టలో వేసేది. పేషెంట్లు కాళ్లు కాస్త పక్కకు జరుపుకునేవాళ్లు, అంతే. చెయ్యి మంచిదైతే చాలు, నోటితో పనేముందని వాళ్ల లెక్క.

నర్సు నాగరాణికి మాత్రం ఆ దూదిని చూస్తే ఒళ్లు మండేది. అబద్ధం ఆడినందుకు కాదు, అది నేల మీద కనబడుతున్నా ఆయన సిగ్గుపడనందుకు. మీటింగు పెట్టినప్పుడల్లా "మీరు నర్సులు కాదు, మా ఇంటి ఆడబిడ్డలు" అనేవాడు. చీలమండల దాకా దూది పడేది. దాన్ని బూటుతో అవతలికి నెట్టి, "ఎల్లుండి సంది పగలూ రాత్రీ కలిపి డ్యూటీ" అని చెప్పేవాడు. ఆ మాటకు ఒక్క పోగు కూడా రాలేది కాదు.

ఏడో నెల కడుపుతో ఉన్న నర్సు పుష్పకూ అదే డ్యూటీ పడింది. సెలైన్ ఎక్కిస్తూనే ఆమె మంచం కమ్మీ పట్టుకుని కూలబడిపోయింది. నాగరాణి ఆమెను లేపి, నీళ్లు తాగించి, డ్యూటీ దిగగానే తనతో మహబూబ్‌నగర్ తీసుకుపోయింది. అక్కడ నర్సుల యూనియన్ నడిపే హనుమమ్మ, సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇద్దరినీ యూనియన్‌లో చేర్చుకుంది. పుష్ప చేరిన సంగతి సారు చెవిన పడ్డ రోజే పుష్పను గేటు దగ్గర ఆపేశారు.

"ఆమెనే మానేసింది" అని మేనేజరు సునీల్ అందరికీ చెప్పాడు. సునీల్ ఏం చెప్పినా నోట్లోంచి ఏమీ రాలదు. ఆ వరం ఒక్క సారుకే.

లేబర్ ఆఫీసులో కేసు వేసేముందు నాగరాణి తోటి నర్సు తిరుమలను సాక్ష్యం అడిగింది.

"మాకెందుకక్కా గీ లొల్లి" అంది తిరుమల, మందుల ట్రే సర్దుకుంటూ. "సారు మంచోడే. మీటింగుల టిఫిన్ గూడ పెడుతడు."

"ఉప్మా పెడితే మంచోడైతడా?"

ఆ తర్వాత నాగరాణి ఇంకెవరినీ అడగలేదు. భయపడేవాళ్లంటే ఆమెకు జాలి ఉండేది. ఉప్మాకు పడిపోయేవాళ్ల మీద జాలి రాలేదు.

విచారణకు సారు మాస్కు కట్టుకుని వచ్చాడు. జలుబట. మాటలన్నీ సునీలే మాట్లాడాడు. "కడుపుతోని చేతగాక తనే మానేసింది సార్. మేం ఉండుమనే అన్నం." లేబర్ ఆఫీసరు తల ఊపుతూ రాసుకుంటున్నాడు. పుష్ప చున్నీ అంచు నలుపుకుంటూ కూర్చుంది.

"మేనేజరు మాట మాకొద్దు సార్" అంది హనుమమ్మ. "ఓనరు ఈడనే ఉన్నడు గద. ఆయన్నే చెప్పుమనుర్రి."

ఆఫీసరు కాగితాల మీదికి దూది ఎగరకుండా ఫ్యాన్ ఆపించాడు. "మాస్కు తీసి చెప్పండి డాక్టరుగారూ."

కృష్ణకాంత్ మాస్కు తీశాడు. తనే మానేసిందని అనబోయాడు. మాట బయటికి రాకముందే కింది పెదవి మీద తెల్లగా పోగు కనబడింది. నోరు మూసేసి దాన్ని మింగాడు. దగ్గాడు. ముఖం ఎర్రబడింది.

ఈయనకు సిగ్గనేది ఉందని నాగరాణి అప్పుడే చూసింది. పెద్ద ఆఫీసరు ముందు ఉంది. వార్డులో ముసలమ్మల ముందు, నర్సుల ముందు లేదు, ఎందుకంటే వాళ్లు ఆయన లెక్కలో మనుషులు కారు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఇంటి ఆడబిడ్డను గేటుకాడ ఎందుకు ఆపిన్రు సార్? గదొక్కటి చెప్పుర్రి" అంది.

ఆ గొంతులో కోపం ఉంటే ఆయన తట్టుకునేవాడేమో. మందు మింగనని మొండికేసే పేషెంటుతో మాట్లాడే గొంతు అది.

"తీసేసిన" అన్నాడు కృష్ణకాంత్. "నా జీతం తినుకుంట యూనియన్‌ల చేరుతదా? దవాఖాన నాది. చేరినోళ్లను అందరినీ తీసేస్త. గీళ్లకు నేను జవాబు చెప్పాల్నా?"

సునీల్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు, కానీ ఆలస్యమైంది. ఆఫీసరు కుర్చీలోంచి వంగి బల్ల కింద చూశాడు. నేల శుభ్రంగా ఉంది.

"నిజమే చెప్తున్నారు" అన్నాడు, ఆ మాటలను ఉన్నదున్నట్టు రాస్తూ.

పుష్పను పనిలోకి తీసుకోవాలని, కాన్పుకు జీతంతో సెలవు ఇవ్వాలని, యూనియన్‌లో ఉన్నందుకు ఎవరినీ తీసేయరాదని ఆర్డరు వచ్చింది. అది పట్టుకుని పుష్పా నాగరాణీ దవాఖానకు పోతే, సునీల్ కళ్లెత్తకుండా తీసుకున్నాడు.

"రేపు పొద్దుగాల డ్యూటీకి వస్త" అంది పుష్ప, అలవాటు కొద్దీ.

"రాదు" అంది నాగరాణి అతనితో. "రేపటి సంది సెలవుల ఉంటది."

బస్టాండులో ఆత్మకూర్ బస్సు నిలబడి ఉంది. పుష్ప తల్లిగారిల్లు అటే. కిటికీ పక్క సీట్లో కూర్చుని, నాగరాణికి ఏదో చెప్పబోతూనే ఆమె నిద్రలోకి జారిపోయింది. డ్రైవరు హారన్ కొట్టినా లేవలేదు. నాగరాణి ఆమె చున్నీ సర్ది, చప్పుడు కాకుండా బస్సు దిగింది.