నాకు చదరంగం రాదండి

ఆ పోటీకి నన్ను కూర్చోబెట్టిందే నాకు చదరంగం రాదని.

అరకులో నేను పనిచేసే కంప్యూటర్ సెంటరు రవిబాబు సార్‌ది. చదరంగం ఆడే ప్రోగ్రాం ఒకటి ఆయన తన స్టూడెంట్లతో రాయించారు. 2004 నవంబరులో ఏజెన్సీలోని సెంటర్లన్నిటికీ పోటీ పెట్టారు. ఆడేది మనుషులు కాదు, కంప్యూటర్లు. రెండు తెరలూ ఇద్దరికీ కనిపించేలా పెట్టి, మధ్యలో ఒక చెక్క బోర్డు ఉంచుతారు. ఒక్కో కంప్యూటర్ దగ్గర ఒక మనిషి కూర్చుని, తన తెర చూపించిన ఎత్తును బోర్డు మీద వేయాలి. అవతలివాళ్ళు వేసిన ఎత్తును తన కంప్యూటర్‌కి టైపు చేయాలి. సొంత తెలివి కలపకూడదు కాబట్టి ఆట తెలిసినవాళ్ళు అక్కడ కూర్చోకూడదు.

"మన రాజకుమారి ఉంది కదా. ఇంటర్ మధ్యలో మానేసింది, బంటుకీ గుర్రానికీ తేడా తెలీదు. ఈవిడే కరెక్టు," అన్నారు సార్. స్టూడెంట్లు నవ్వారు. నేనూ నవ్వాను.

నిజానికి ఆ ప్రోగ్రాంని పరీక్షించేటప్పుడు మూడు నెలలు టైపు చేసింది నేనే. చూసి చూసి ఆట వచ్చేసింది. ఆ మాట చెబితే ఇంకొకరిని పెడతారు. గెలిస్తే నా ఉద్యోగం ఖాయం చేస్తానని సార్ మాటిచ్చారు. మా ఆయన మల్లేశుకి కాఫీ కోతల రోజుల్లోనే పని. పాపకి ఎనిమిది నెలలు. మిగతా నెలలు ఎలా గడుస్తాయన్న బెంగతో నాకు సరిగా నిద్ర పట్టేది కాదు.

ఫైనల్లో మాకు ఎదురు సీతంపేట సెంటరు. వాళ్ళ తరఫున కూర్చున్నది సత్యకుమారి, నాకంటే పదేళ్ళు పెద్దది. పొద్దున్నే రిఫరీ మోహన్‌కృష్ణ గారు మా ఇద్దరికీ గట్టిగా చెప్పారు. "బోర్డుకీ తెరకీ తేడా వస్తే, ఎవరు చూసినా వెంటనే చెప్పాలి. అక్కడికి వెనక్కి వెళ్ళి ఆడిద్దాం. పది ఎత్తులు దాటితే మాత్రం తప్పు వేసినవాళ్ళు ఓడినట్టే. చూసి కూడా ఊరుకుంటే అది దొంగాట, దానికి ఈ గడువు లేదు."

ఆట మంచి పట్టులో ఉండగా నా కాళ్ళ దగ్గర దుప్పటి మీద పడుకున్న పాప లేచి ఏడుపందుకుంది. నేను టైపు చేయాలి, గడియారం తిరుగుతోంది. రిఫరీ గారు గుమ్మం బయట ఎవరితోనో మాట్లాడుతున్నారు.

"ఇటియ్యి సెల్లీ. గుంట ఇలాగేడుస్తంటే నువ్వేటి టైపు సేత్తావు?" అంది సత్యకుమారి.

పాపను ఒళ్ళో వేసుకుని జోకొట్టింది. పాప ఏడుపు మాని ఆవిడ పూసలదండ పట్టుకు లాగసాగింది. అంతలో వాళ్ళ తెర మీద ఎత్తు పడింది. దండ విడిపించుకుంటూ రెండో చేత్తో శకటు జరిపింది. తెర చూపించిన గడికి ఒక గడి ముందే పెట్టేసింది.

నేను చూశాను. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ శకటు ఆ గడిలో ఉంటే మా గుర్రానికి దారి తెరుచుకుంటుందని అదే క్షణంలో కనిపించింది. నోరు మూసుకుని, బోర్డు మీద ఉన్నదే టైపు చేశాను.

తరువాతి ఎత్తుకి చెబుదామనుకున్నాను. ఆ తరువాతి ఎత్తుకి, ఇప్పుడు చెబితే ఇందాక ఎందుకు చెప్పలేదంటారనుకున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది... లెక్కపెడుతూనే ఉన్నాను. పాప నిద్రపోయింది. సత్యకుమారి మెల్లగా వంగి దాన్ని దుప్పటి మీద పడుకోబెట్టింది. పదకొండో ఎత్తుకి ఆవిడ కంప్యూటర్ కుదరదని మొరాయించింది.

రిఫరీ గారు వచ్చి బోర్డునీ తెరనీ పోల్చి చూశారు.

"నానే ఎక్కడో తప్పేసినానండి," అంది సత్యకుమారి.

ఆయన నా వైపు తిరిగారు. "మీరేమైనా చూశారా అమ్మా?"

"నాకు చదరంగం రాదండి," అన్నాను.

ఆయన అడిగింది చదరంగం వచ్చా అని కాదు. అయినా తలాడించి, "పాపం, ఈవిడకేం తెలుస్తుంది," అని మేం గెలిచినట్టు ప్రకటించారు. చదువు ఆగిపోయిందని ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండేది. ఆరోజు ఆ జాలి చాటునే దాక్కున్నాను.

వరండాలో సత్యకుమారి నా దగ్గరికి వచ్చింది. "నిన్ను కంగారెట్టేసినాను సెల్లీ, ఏటనుకోకు. గుంటని ఎత్తుకున్న సంగతి నాను సెప్పలేదులే. సెప్తే పిల్లనెందుకు తెచ్చినావని నిన్ను తిడతారు."

"మీ సార్ ఏమన్నారక్కా?"

"ఏటంతాడు? బంటుని పెట్టినా నీకంటే నయమన్నాడు," అని నవ్వబోయింది, నవ్వు రాలేదు.

ఇక నిలబడలేకపోయాను. లోపలికి వెళ్ళి రిఫరీ గారితో చెప్పేశాను. "నేను చూశానండి. చూసే ఊరుకున్నాను."

రవిబాబు సార్ గట్టిగా నవ్వారు. "ఆవిడ మీద జాలిపడి ఏదో అంటోందండీ. దీనికి ఆటెక్కడొచ్చు?"

నేను బోర్డు ముందు కూర్చున్నాను. తెర వైపు చూడకుండా ఆఖరి ఎత్తు వెనక్కి తీశాను. దాని ముందుది తీశాను. చచ్చిన గుర్రాన్ని మళ్ళీ దాని గడిలో పెట్టాను. రిఫరీ గారు తెర మీది ఎత్తులతో ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వచ్చారు. వెనక్కి తీసిన ప్రతి ఎత్తూ నేను నోరు మూసుకున్న ఒక ఎత్తు. చివరికి శకటు దగ్గరికి వచ్చాను. దాన్ని ఒక గడి ముందుకు జరిపి చెయ్యి తీసేశాను.

"ఇంత బుర్ర ఉండి..." అని రిఫరీ గారు మాట మధ్యలో ఆపేశారు. కాగితం మీద రాసిన ఫలితం కొట్టేసి, "ఆట ఇక్కడినుంచే. ఈవిడ లేవాలి, వేరే మనిషిని కూర్చోబెట్టండి," అన్నారు.

"రేపటినుంచి సెంటరుకి రానక్కర్లేదు," అన్నారు సార్, నా మొహం చూడకుండానే.

తన కుర్చీలోకి వస్తూ సత్యకుమారి నా పక్కన ఆగింది.

"ఎప్పుడు సూసినావు?"

"నువ్వు వేసినప్పుడే అక్కా."

"నా ఒళ్ళో నీ గుంట ఉన్నప్పుడా?"

రిఫరీ గారు ఆవిడ్ని తొందరగా కూర్చోమంటున్నారు. ఆవిడ కూర్చోలేదు, నా జవాబు కోసం నిలబడింది.

"అవును," అన్నాను.