గిరాకీకి చెప్పని మాట

కర్నూలు పాతబస్తీలో కిరణ్‌కుమార్ చీరల అంగడిని ఆడవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. చీర కొంగు తన భుజం మీదే వేసుకుని చూపిస్తాడు. "నీకు చిలకపచ్చ శానా బాగుంటాదక్కా" అని కొనడానికొచ్చిన గిరాకీతో అన్నాడంటే ఆ చీర అమ్ముడుపోయినట్టే. రోజూ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చే భార్య శ్రీవాసవికి మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండిపోయేది. ఇంటికొస్తే ఆ నోరే మూతపడేది మరి. పెళ్లయి పదకొండేళ్లు.

2006 ఎండాకాలంలో ఒకనాడు హరిత అనే టీచరు అంగడికి వచ్చింది. "పోయినసారి తీసుకున్న వంగపండు రంగు కుదిరిందా మేడం?" అని అడిగాడు కిరణ్. వాసవి విన్నది. ఎవరి చీర రంగో ఇన్నాళ్లు మనసులో పెట్టుకున్నాడా? క్యారియర్ నేలకేసి కొట్టింది. చారు చిమ్మి పట్టుచీరలు తడిశాయి. "దీని కోసమేనా రోజూ తల దువ్వుకుని వస్తాండారు?" అని నలుగురిలో అరిచింది. ఏ పాపమూ ఎరుగని ఆ టీచరు కళ్లనీళ్లతో వెళ్లిపోయింది.

కిరణ్ తండ్రి లక్ష్మీనరసయ్య పెద్దల్ని కూర్చోబెట్టాడు. తప్పెవరిదో వాళ్లు చిటికెలో తేల్చేశారు. "ఆ పిల్లని పత్తికొండకి, పుట్టింటికి తోలెయ్యప్పా. బుద్ధొస్తాది" అన్నారు. వాసవి బట్టలు సర్దుకుంటుంటే కిరణ్ గదిలోకి వచ్చాడు. ఇప్పుడు వెళ్తే మళ్లీ రాదని అతనికి తెలుసు. "పోయే ముందు ఒక్కసారి నాతో రా" అని ఆలుమగల గొడవలు వినే కౌన్సెలింగ్ సెంటరుకు తీసుకుపోయాడు.

"పిచ్చోళ్లు పోయే చోటికా!" అని లక్ష్మీనరసయ్య అరిచాడు. చదువరులారా, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తే మనం కాపురం కాగిపోతుంటే మాత్రం తలుపులేసుకుని కూర్చుంటాం.

సెంటరులో కౌన్సెలర్ నిస్సీ మేడం తప్పెవరిదని అడగలేదు. "అరిచే ముందు, ఆ ఒక్క నిమిషం, నీ లోపల ఏమయితాదమ్మా?" అని వాసవిని అడిగింది.

"ఆయన్నే అడగండి!" అని కసిరింది వాసవి. మేడం మళ్లీ మెల్లగా అదే అడిగింది. ఈసారి వాసవి గొంతు తగ్గింది.

"భయమయితాది మేడం. ఊర్లోవాళ్ల చీరల రంగులన్నీ ఆయనకు గుర్తుండాయి. నా పెండ్లిచీర రంగు అడగండి, చెప్పలేరు."

"నెమలికంఠం," అన్నాడు కిరణ్ తలెత్తకుండానే. "కొత్తలో అది బాగుందంటే 'నేనేమన్నా గిరాకీనా?' అనింది. అప్పట్నుంచీ నాకూ భయమే. పొద్దంతా నలభైమందికి చెప్పే మాట ఈమెకు చెబితే, అంగడి మాటే అనుకుంటాది మేడం."

"నాకెందుకు? ఆమె వైపు తిరిగి చెప్పండి," అంది మేడం.

అతను తిరిగాడు. అంగడిలో గుక్కతిప్పుకోని మనిషికి నాలుక తడబడింది. "వాసవీ... నువ్వు లేకుంటే... నాకు ఇల్లు... పోవద్దే." ఆ తడబాటు ఏ గిరాకీ ఎన్నడూ విని ఎరగదు. వాసవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

రెండు నెలలు ఆ సెంటరుకు తిరిగారు. వాసవి హరిత ఇంటికి వెళ్లి తప్పయిందని చెప్పుకుంది. అయినా కుళ్లు అంత తేలిగ్గా పోతుందా? హరిత మళ్లీ అంగడికొచ్చిన రోజు వాసవి క్యారియర్ మెల్లగా కింద పెట్టి, భర్త దగ్గరికి వెళ్లి, "నాకు మళ్లీ భయమయితాండాది" అంది చిన్నగా. కిరణ్ చేతిలో చీర పనివాడికిచ్చి, "రా, ఇద్దరమూ తిందాం" అన్నాడు.

గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆ మాట విన్న లక్ష్మీనరసయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లూ ఎన్ని కాపురాల పంచాయితీ చేసినాం! ఎవరి కోపం ఎక్కువో తూకమేసినామే గానీ, కోపం కిందుండే భయాన్ని ఒక్కరన్నా అడిగింటే ఎన్ని ఇండ్లు నిలబడుండునో!"