ఆముదం రాసిన గాజుముక్కలు

ఏడింటిలోగా కావలసినవి: కుంపటి రాజేయడం, అత్తగారికి వేణ్ణీళ్ళు, ఆయనకు కాఫీ, ఆయన తెల్లచొక్కాకి ఇస్త్రీ, కిటికీ చువ్వల మీద మసి తుడవడం, పప్పు, పచ్చడి, చారు, క్యారేజీ, మేడమీద వడియాల గుడ్డ పరవడం, ఆయన కళ్ళజోడు వెతకడం. కళ్ళజోడు చాలా రోజులు ఆయన నుదుటి మీదే దొరికేది.

ఏలూరులో వాళ్ళ ఇల్లు ట్రంకు రోడ్డు మీదే. మద్రాసు వైపు వెళ్ళే లారీలూ, జంగారెడ్డిగూడెం పొగాకు లారీలూ గుమ్మం ముందే గేరు మార్చేవి. పొద్దున పెట్టిన వడియాలు సాయంత్రానికి మసి పడి నువ్వులు చల్లినట్టు అయ్యేవి. "నీ చేతి మహిమ కాకపోతే ఏవిటమ్మాయ్? మా రోజుల్లో వడియాలు మల్లెపూలల్లే ఉండేవి" అనేది అత్తగారు సుబ్బాయమ్మ. ఆ రోజుల్లో లారీలు లేవని లక్ష్మీకాంతం అనలేదు. అత్తిలిలో చిన్నరైతు ఇంట పుట్టి, ఆ వంశంలో మొట్టమొదటి బి.యస్సీ. అయిన మనిషి ఆమె. ఆ పట్టా పెట్టె అడుగున ఆయన పెళ్ళిసూటు కింద ఉంది. ఇంటర్‌లో రసాయనశాస్త్రం రెండుసార్లు తప్పిన ఆమె భర్త ప్రసాదరావు మాత్రం ఊరికి శానిటరీ ఇన్‌స్పెక్టరు.

ఆ వేసవిలో ఒక సంగతి వచ్చిపడింది. లారీల స్టాండును పురుళ్ళ ఆసుపత్రి గోడ పక్క ఖాళీస్థలంలోకి మారుస్తారట. పసిపిల్లల వార్డు కిటికీలన్నీ అటే. గాలికి ఇబ్బంది ఉందో లేదో రిపోర్టు రాయవలసింది ప్రసాదరావు. "ఇబ్బంది లేదు అని రాసేస్తే సరి. కొలవాలంటే మిషను మద్రాసు నుంచి రావాలి" అన్నాడాయన పప్పు కలుపుకుంటూ.

"మిషనెందుకండీ? గాజుముక్కకి ఆముదం రాసి ఒక రోజు ఆరుబయట పెడితే మసి అదే అంటుకుంటుంది."

"విన్నావుటే అమ్మా? నీ కోడలు ఆముదంతో గాలిని కొలుస్తుందట! రేపు నెయ్యేసి ఎండను తూస్తుంది." తల్లీ కొడుకూ పొలమారేదాకా నవ్వారు. ఆమె మంచినీళ్ళు అందించింది. అందించవలసింది కూడా ఆమే మరి.

నవ్వని మనిషి ఒక్కతే, చాకలి గంగమ్మ. "నిజమేనండి అమ్మాయిగారూ. రోడ్డువారి బట్టలు రెండుసార్లు ఉడకెయ్యాలి, లోపలి వీధుల వారివి ఒక్కసారే చాలు. ఎక్కడెంత మసో నా రెక్కలకి తెలుసండి. మా పిల్ల పురిటికి ఆ ఆసుపత్రికే రావాలి, వచ్చే నెలలో."

ఊళ్ళో అందరి మేడలూ ఎక్కగలిగిన ఆడమనిషి చాకలే. లక్ష్మీకాంతం పాత కిటికీ అద్దాన్ని ఆరు ముక్కలు కోయించి ఆముదం పూస్తే, గంగమ్మ బట్టలమూటలో పెట్టుకుని తిరిగింది. ఇప్పటి లారీల స్టాండులో ఒకటి, ఆసుపత్రి గోడ మీద ఒకటి, వీధికొకటి మూడు, కలిదిండి దగ్గర కొల్లేటి గట్టున ఉన్న కూతురి ఊళ్ళో ఒకటి. మర్నాడు పోగుచేసి ఒక్కొక్కటీ వార్తాపత్రిక మీద పెట్టి చూశారు. ఏ సైజు అక్షరం దాకా చదవగలిగితే అదే కొలతగా లక్ష్మీకాంతం లెక్కల పుస్తకంలో రాసింది. కొల్లేటి గాజులోంచి మందుల ప్రకటనలో చిన్నక్షరాలు కూడా కనిపించాయి, అంటుకున్న రెండు దోమలు తప్ప. ఆసుపత్రి గోడ మీది గాజులో సన్నక్షరాలు అప్పటికే మసకబారాయి. స్టాండు గాజులోంచి పతాకశీర్షిక కూడా కనిపించలేదు.

ఆ లెక్కల పుస్తకం చూసి ప్రసాదరావు సకిలించాడు. మూడు రోజుల తర్వాత, ఇబ్బంది లేదన్న రిపోర్టుకి మునిసిపల్ కమిటీ "ఆధారం ఏదీ?" అని అడిగేసరికి మాట మార్చి దాన్నే జేబులో పెట్టుకున్నాడు. "నేనే చేశానని చెప్తాలే. ఆడదాని పేరుంటే నవ్విపోతారు." గాజులు తువ్వాల్లో మూట కట్టి ఉంచమన్నాడు.

కట్టింది అత్తగారు. పదిమందిలోకి వెళ్ళే కొడుకు చేతిలో మసిగాజులుంటే ఇంటి ఆడవాళ్ళని ఏమనుకుంటారు? కోడలు నూతి దగ్గర ఉన్నప్పుడు సుబ్బాయమ్మ వాటిని కుంకుడు రసంతో కడిగి, ముగ్గుపిండితో తోమి, తళతళలాడించి మరీ కట్టింది. కమిటీ ముందు ప్రసాదరావు గంభీరంగా, "అయ్యా, ఈ గాజులోంచి ఒక్క అక్షరం కనిపించదు" అంటూ మూట విప్పాడట. అధ్యక్షుడు దాన్ని పత్రిక మీద పెట్టి "చుండ్రుకు దివ్యౌషధం" అని పైకి చదివాడట. ఎనిమిది రోజులు గడువిచ్చి పంపేశారు.

"పరువు తీశావు కదే!" అని ఇంటికొచ్చి అరిచాడు. తోమింది తల్లి. మూట విప్పి చూడకుండా పట్టుకెళ్ళింది తను. పరువు తీసింది పెళ్ళాం! లక్ష్మీకాంతానికి ఏడుపు రాలేదు. ఈ మనిషి కళ్ళజోడు ఇన్నేళ్ళుగా తను వెతికిపెట్టింది ఇందుకా? వెతికిపెట్టినా ఏం చూశాడు గనక? ఈయన కోపానికి భయపడటమంటే లారీ హారనుకి నమస్కారం పెట్టడమే.

"పోతే పోయిందండి" అంది గంగమ్మ పెరటి గుమ్మంలో. "మసికేం కరువా? రేపటికి బోలెడు పడుద్ది."

మళ్ళీ పెట్టారు. ఈసారి గాజులు పట్టుకుని లక్ష్మీకాంతమే వెళ్ళింది, గంగమ్మను వెంటబెట్టుకుని. మూలకుర్చీలో ప్రసాదరావు నేల చూపులు చూశాడు. అధ్యక్షుడు గాజులన్నీ పత్రిక మీద పెట్టి చూసుకున్నాడు. ఇవి ఎవరు పెట్టారని అడిగాడు.

"ఆముదం రాసింది నేనండి. పెట్టింది గంగమ్మండి. ఎక్కడెంత ఉంటుందో కొలవకముందే చెప్పింది కూడా ఆవిడే."

"చాకలిదా సాక్షి?" అని ఒకాయన నవ్వాడు.

"ఊరి మురికికి అంతకంటే పెద్ద సాక్షి ఎవరున్నారండీ?"

అధ్యక్షుడు ఆ స్థలం వద్దని రాయించాడు. లారీలు ఆసుపత్రి పక్కకి రాలేదు. తర్వాతి నెలలో గంగమ్మ కూతురు అక్కడే ఆడపిల్లను కన్నది.

రిపోర్టులో మాత్రం "ఇన్‌స్పెక్టరు ప్రసాదరావు గారి కృషి" అని అచ్చయింది. ఆయన దాన్ని పటం కట్టించుకున్నాడు. కట్టించుకోనీ! లక్ష్మీకాంతం పేరు ఒక పట్టా మీదైనా ఉంది. పెట్టె అడుగు నుంచి తీసి దాన్ని చేతిసంచిలో పెట్టుకుంది, తాడేపల్లిగూడెంలో సైన్సు టీచరు ఉద్యోగం అడగడానికి. గంగమ్మ పేరు ఏ కాగితం మీదా లేదు. ఓటర్ల జాబితాలో కూడా "సూర్రావు భార్య" అనే ఉంది. అందుకని చదివినవారిని ఒక్కటే అడుగుతున్నాను. ఆవిడ పేరు గంగమ్మ. గుర్తుంచుకోండి.